ఫారం మీద పది నిమిషాలు

అబ్బా, ఇక చాలు వదినా! వచ్చినవాళ్లందరికీ నా గొప్పలు చెప్పడం మానవా? ఇందాక ఆ నర్సుకి కూడా మొదలుపెట్టావు. "మా ఆడపడుచు ఇక్కడే ల్యాబులో పనిచేస్తుంది, నన్ను కంటికి రెప్పలా చూసుకుంటుంది" అని. ఆవిడ నావైపు చూసి నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

ఏంటి? మొహమాటమా? మొహమాటం కాదు, పాడూ కాదు. ఉండు, తలుపు వేసొస్తాను. అన్నయ్య కింద మందుల కోసం లైన్లో ఉన్నాడు. వచ్చేలోపు చెప్పెయ్యాలి. మధ్యలో నన్ను నవ్వించావంటే ఊరుకోను.

ఆ ఎంజైము గుర్తుందా? ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు కదా. గడ్డలోని కణం ఉన్నచోట ఉండకుండా, పక్కవాటిని వదిలించుకుని, రక్తంలో పడి ఇంకోచోటికి పోవాలంటే లోపల ఎవరో ఒకరు దాన్ని ఎగదొయ్యాలట. ఈ ఎంజైము చేసేది అదే. కణం లోపలే తన పక్కనున్న ప్రొటీను మీద ఓ చిన్న గుర్తు అతికిస్తుంది, అది లేచి ఇంకోదాన్ని లేపుతుంది, అలా ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నట్టు కబురు పాకిపోతుంది.

అప్పుడు నువ్వేమన్నావు? "అచ్చం మీ పిన్నిలాగే ఉంది, తను గడప దాటదు, అందర్నీ మాత్రం ఉసిగొల్పి పంపిస్తుంది" అన్నావు. డాక్టరుగారు కూడా పకపకా నవ్వేశారు. అప్పట్నుంచి మనింట్లో దాని పేరు పిన్నే.

పిన్ని నోరు నొక్కే బిళ్ల ఉందన్నారు. కానీ అడిగినవాళ్లందరికీ ఇవ్వరు. గడ్డలోంచి ముక్క తీసి చూస్తే అందులో పిన్ని అతికించిన గుర్తులుండాలి. నీ రిపోర్టులో లేవని వచ్చింది. "పోనీలే, నాకు పిన్ని పీడ లేదన్నమాట" అన్నావు. మామూలు మందులతో సరిపెట్టారు. ఇప్పుడు చూడు, కాలేయానికి పాకింది.

ఆ ముక్కని థియేటర్ దగ్గర అందుకున్నది నేనే వదినా.

లేదు, చెప్పనీ. కోసి తీసినంత మాత్రాన ముక్క వెంటనే చచ్చిపోదు. కాసేపు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. ఆ గుర్తుల్ని చెరిపేసే ఎంజైములు కూడా అందులోనే ఉంటాయి. అందుకే పది నిమిషాల్లో దాన్ని మంచులా గడ్డకట్టించెయ్యాలి. అది చేసే గదేమో రెండంతస్తులు కింద. ఎన్ని నిమిషాలు పట్టిందో రాయడానికి ఫారం మీద ఓ గడి ఉంటుంది.

మేమేం చేస్తామో తెలుసా? పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ రోజుకి కావలసిన ఫారాలన్నిటి మీదా 'పది' అని రాసేసుకుంటాం. అందరం! చేరిన కొత్తలో మా సీనియరే నేర్పించాడు. చాలాసార్లు నిజంగానే పదే అవుతుంది, ఎవరు పట్టించుకుంటారు?

ఆవేళ నీ ముక్క ఉన్న డబ్బా తీసుకుని మెట్ల దాకా వెళ్లాను. అంతలో నీ బీపీ పడిపోయిందని లోపల ఒకటే హడావుడి. అన్నయ్య బెంచీ మీద కూలబడిపోయాడు. డబ్బా కిటికీ గట్టు మీద పెట్టి అన్నయ్య పక్కన కూర్చున్నాను. ఆ గట్టు మీద ఎండ పడుతోంది. నిన్ను బయటికి తెచ్చాక నీ వెంటే వచ్చాను, నువ్వు కళ్లు తెరిచేదాకా కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది డబ్బా. గంటా పది నిమిషాలు! చేత్తో పట్టుకుంటే వెచ్చగా తగిలింది.

ఫారం మీద 'పది' పొద్దున్నే రాసుంది. అది కొట్టేసి 'డెబ్బై' అని రాస్తే ఏమయ్యేది? పరీక్ష చెల్లదనేవాళ్లు. గడ్డ కొంత లోపలే ఉండిపోయింది కదా, సూదితో ఇంకో ముక్క తీసేవాళ్లు. నాకు నాలుగు చీవాట్లు పడేవి. అంతే కదా! కొట్టెయ్యలేదు. అలాగే ఇచ్చేశాను.

అలా చూడకు. ఏంటి? నీకోసమేగా ఆగిపోయానంటావా? నా తప్పేం లేదంటావా? నువ్విలాగే అంటావని తెలిసే ఇన్నాళ్లూ నోరు విప్పలేకపోయాను.

పొద్దున డాక్టరుగారికి అంతా కాగితం మీద రాసిచ్చాను. రేపు మళ్లీ ముక్క తీస్తారు. ఈసారి వేరేవాళ్లు తీసుకెళ్తారు. అందులో పిన్ని ఉందని తేలితే బిళ్ల మొదలుపెడతారట. ఇంత పాకాక ఎంతవరకు పనిచేస్తుందో ఆయన చెప్పలేదు, నాకు అడిగే ధైర్యం లేకపోయింది.

రిపోర్టు వచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది వదినా. గుర్తులు లేక కాదు, ఆ ఎండలో చెరిగిపోయి ఉంటాయని. ఎనిమిది నెలల కిందటి మాట. నీతో అన్నం తిన్నాను, నీ తల దువ్వాను, నువ్వు పొగుడుతుంటే విన్నాను, చెప్పలేదు. ఆ గంటంటావా, నీకోసమే ఆగాను. ఈ ఎనిమిది నెలలూ ఆగింది మాత్రం నా ఉద్యోగం కోసం.