కాలి అచ్చు

కొయ్యకాళ్ళు చేసే మేస్త్రీ కొట్టు అది. సాయంత్రం వేళ, బట్టలు కుట్టి బతికే ఆమె గుమ్మం దాటి లోపలికి వస్తే, మేస్త్రీ ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు, రెండోది ఉండనిచ్చాడు.

“...అదే చెబుతున్నా చెల్లెమ్మా. పని మొదలెట్టడం గొప్ప కాదు. మొదలెట్టే మనిషి సిద్ధంగా ఉండాలి.”

“కూర్చోనా అన్నా?”

“కూర్చో, కూర్చో. ఆ స్టూలు మీద పుస్తకాలు పక్కన పెట్టు. మెల్లగా, వరసలో ఉన్నాయి. ఏకాగ్రతవి పైన, భయం పోగొట్టేవి కింద.”

“పోయినసారి వచ్చినప్పుడు ఇక్కడంతా చెక్కపొట్టు ఉండేది.”

“ఊడ్చేశా. చోటు శుభ్రంగా ఉంటే బుర్ర శుభ్రంగా ఉంటుందట. ఉలులు కూడా సైజు వారీగా సర్దా, చూడు.”

“చూశా. మెరుస్తున్నాయి.”

“నీకు కోపంగా ఉంది.”

“లేదు.”

“ఉంది. బడి తెరిచేలోపు మీ పాపకి కాలు ఇస్తానన్నా, ఇవ్వలేదు. కాదనను. కానీ ఊరికే కూర్చోలేదమ్మా. తెల్లారకుండానే లేస్తున్నా, చన్నీళ్ళు పోసుకుంటున్నా, కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటున్నా. ఇంకొక్కటే మిగిలింది. అది కుదిరిందా, కాలెంతసేపు?”

“ఏం మిగిలింది?”

“పని వాయిదా వేసే అలవాటు మానడం. దాని మీదే ఒకాయన మాట్లాడుతున్నాడు, వింటున్నా. పెద్దది. సగం రేపు వినాలి.”

“సూదిలో దారం ఎక్కించే ముందు నేనూ ఇవన్నీ పెట్టుకుని ఉంటే, జనం దుప్పట్లు చుట్టుకు తిరిగేవాళ్ళు.”

“ఎగతాళి చెయ్యి.”

“నేను కాదు, మా పిల్ల అనేది. మేస్త్రీ మామ ఉలి మానేసి నాలుక పదును పెడుతున్నాడే అమ్మా, అని.”

“గడుగ్గాయి. దానికేం, ఎన్నైనా అంటుంది. నీ కుట్టు ఊడితే మళ్ళీ కుడతావు. నా కాలు విరిగితే? మా గురువు పోయాక నేనొక్కణ్ణే చేసిన మొదటి కాలు ఏమైందో తెలుసుగా.”

“తెలుసు. అది విరిగి, పెట్టుకున్న తాపీమేస్త్రీ నిచ్చెన మీంచి పడ్డాడు.”

“పడ్డాడంటావేంటి. పోయాడు. అప్పట్నుంచీ కొయ్య చేతిలోకి తీసుకుంటే చాలు, అది విరిగిన చప్పుడే. అందుకే ముందు నన్ను నేను బాగుచేసుకుంటున్నా.”

“అదంతా తెలిసే నీ దగ్గరికి తెచ్చానన్నా. ఇంకెవరూ వద్దంది అది. దాని కాలికి అచ్చు తీసేటప్పుడు కబుర్లు చెప్పావట. ప్లాస్టర్ ఆరేదాకా ఒకటే నవ్వు.”

“నవ్వి కదిలిందిగా, మోకాలి కింద సన్నటి మడత పడింది. చెరిపేద్దామనుకుని ఊరుకున్నా.”

“చెరపలేదా?”

“లేదు.”

“మంచిపని చేశావు. ఆ అచ్చు ఇచ్చెయ్యి. దానికే వచ్చా.”

“ఇచ్చెయ్యడమేంటి? వేరే మేస్త్రీని చూసుకున్నావా? చెల్లెమ్మా, అంత పని చెయ్యకు. రేపు మొదలెడతా. ఒట్టు.”

“ఎవరి దగ్గరికీ కాదు. ఇంటికి.”

“ఇంట్లో దాన్నేం చేసుకుంటావు? అసలిప్పుడు నాకే పనికిరాదది. పిల్లల ఎముక ఊరుకోదు, ఈపాటికి పెరిగి ఉంటుంది. పాపని పంపు, కొత్తగా తీద్దాం.”

“పెరగలేదు.”

“పెరగకుండా ఎలా ఉంటుంది?”

“జ్వరమొచ్చింది అన్నా. పోయిన నెల. ఇక తగ్గుతుందిలే అనుకుంటుండగానే పిల్ల పోయింది. దాని గౌన్లు పెట్టెడున్నాయి, అన్నీ నేను కుట్టినవే. ఏది పట్టుకున్నా లోపల ఎవరూ లేరు. దాని ఒంటి ఆకారం మిగిలింది ఆ అచ్చులోనే.”

“ఊరుకో. ఇవేం మాటలు? నన్ను పనిలోకి దింపాలని ఇంత మాట...”

“గుడ్డ చుట్టి ఉంటే అలాగే ఇచ్చెయ్యి. విప్పకు.”

“అబద్ధమని చెప్పమ్మా. నువ్వొచ్చినప్పట్నుంచీ వింటున్నా. దాని చంకకర్ర చప్పుడు, బయట మెట్ల మీద, ఎక్కుతోంది, దిగుతోంది...”

“నీకూ వినబడుతోందా అన్నా?”