మొగలిపొద ఊపిన తలపాగా

ఎల్లాజీకి పిట్టల సంగతంతా తెలుసంట. ఎవరన్నారంటే ఎల్లాజీయే అన్నాడు. మరొకరెవరూ అనలేదు గానీ, సముద్రం మీద పిట్ట నోరు తెరిస్తే అది నిన్న ఏం తిందో కూడా చెప్పేస్తానని రొమ్ము విరుచుకుని తిరిగేవాడంట. నవ్వకండర్రా, ముందు వినండి. వాళ్ళ ఊరి పక్కన ఒక కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటాది, దాన్ని పిట్టలముక్కు అంటారు. చలికాలం వచ్చిందనుకో, ఎక్కడెక్కడి తెల్లపిట్టలో ఉత్తరం నుంచి అక్కడికి దిగుతాయి. పిట్టలు ఎక్కడ మునుగుతుంటే చేప అక్కడ. కానీ పడవలో కూర్చున్నవాడికి ఎదురుగా కెరటమే గాని పిట్టలు కనబడవు కదా, అందుకని ఆ నెలల్లో ఒక మనిషిని ముక్కు మీద కూర్చోబెడతారు. వాడు పిట్టల్ని చూసి, తలపాగా విప్పి ఎటు ఊపితే పడవలు అటెళ్ళి వల వెయ్యాలి. అరుపులు పనికిరావు, ఆ గాలికి అరుపు అరిచినవాడి నోట్లోకే తిరిగొచ్చేస్తాది. గుడ్డ చెప్పిందే మాట.

ఆ చోటు ఎల్లాజీ తాతది. చూపు మందగించి మనవడికి ఇచ్చాడు. తాత ఆ చోట్లో ఉన్నన్నాళ్ళూ కుదురుగా కూర్చునేవాడు కాదు, ఈ అంచుకీ ఆ అంచుకీ తిరుగుతానే ఉండేవాడు. మనవాడేమో ఉత్తరం వైపు బండెక్కి కూర్చున్నాడు. ఎందుకంటే రేవు ఉత్తరానుంది, అక్కడ కూర్చుంటేనే రేవులో ఆడాళ్ళందరికీ తలపాగా బాగా కనబడతాది. మొదటిరోజు నీళ్ళ మీద తేలుతున్న పిట్టల్ని చూసి గుడ్డ ఊపాడు. అవి కడుపు నిండి కునుకు తీస్తన్న పిట్టలంట. వలలో నీళ్ళొచ్చాయి. మర్నాడు ఎవరో పెద్ద బోటోళ్ళు పారేసిన చెత్త చుట్టూ మూగిన పిట్టల్ని చూసి ఊపాడు. వలలో ఒక చెప్పొచ్చింది, అదీ ఎడంకాలిది.

దాంతో పడవల పెద్ద దానయ్య పిలిచి, ఇయ్యాల గాని వల ఖాళీగా వచ్చిందా, రేపట్నుంచి ఆ చోట్లో మీ అత్త కూర్చుంటాది అని చెప్పేశాడంట. అత్తంటే ఎల్లాజీ పెళ్ళాం బంగారి తల్లి, కాసులమ్మ. చేపలగంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. కళ్ళు సూదులు, నోరు కత్తిపీట. తాత ఇచ్చిన చోటు అత్త చేతికెళ్తే అల్లుడు రేవులో తలెలా ఎత్తుతాడు, మీరే చెప్పండి. ఆవిడ మాత్రం ఊరుకుంటేనా. "అల్లుడా, పిట్టల్ని ఎంచకు, మూతి సూడు. ఖాళీ మూతితో దిగి నిండు మూతితో లేస్తే అక్కడ సేప ఉన్నట్టు. ఊరికే తిరుగుతుంటే అది పెళ్ళికొచ్చిన మందిలాగ, గోలే గానీ పనుండదు" అందంట. నాకు తెలీదా అత్తా అని ఎల్లాజీ తలపాగా ఇంకో చుట్టు బిగించి కొండెక్కేశాడు.

ఆ రోజు గాలి ఎలాంటిదనుకున్నారు, పిట్ట ముందుకి ఎగిరితే వెనక్కి పోతంది. అలాంటి గాలిలో, ఉత్తరం వైపు ఒకచోట పిట్టలు సుడి తిరుగుతా కనబడ్డాయి. ఒకటా రెండా, ఆకాశం తెల్లబడిపోయింది. దొరికింది నా చేప అనుకుని తలపాగా విప్పి అటు ఊపబోయాడు. ఊపబోయాడంతే. గాలి చేతిలోంచి లాగేసి, దక్షిణం అంచున మొగలిపొద ఉంటే దాని నెత్తిన వేసింది. ఇంకేముంది, తలపాగా ముళ్ళకి తగులుకుని దక్షిణం వైపు రెపరెపలాడతా ఊగడం మొదలెట్టింది. దూరం నుంచి చూస్తే పొదా మనిషీ ఒకటే, అందులోనూ మన ఎల్లాజీ జుట్టు పొదకేం తీసిపోదు. పడవలన్నీ టపటపా దక్షిణానికి తిరిగాయి.

అటు కాదర్రా, అటు కాదని వాడు గుండెలు పగిలేలా అరిచాడు. ఎవడు వింటాడు? సరే పొదని పీకైనా గుడ్డ తీసేద్దామని పరిగెత్తాడు. ముళ్ళల్లో చెయ్యి పెట్టాడు, గుడ్డ కొస దొరికింది, లాగబోతా కిందికి చూశాడు. బండ మీంచి ఎప్పుడూ కనబడని దక్షిణపు నీళ్ళు. అక్కడ ఏమైందంటే, పిట్టలు తక్కువే గానీ ఒక్కొక్కటీ బాణంలా దిగుతన్నాది, లేచేసరికి మూతిలో వెండిముక్క మెరుస్తన్నాది. ఖాళీగా దిగడం, నిండుగా లేవడం. ఖాళీగా దిగడం, నిండుగా లేవడం. తిరిగి ఉత్తరం వైపు చూస్తే ఆ సుడి సుడిగానే ఉంది, ఒక్క పిట్టా మునగలేదు. వాటి కింద చచ్చిన తాబేలు ఉబ్బి తేలుతున్నాది.

చేతిలో గుడ్డ కొస ఉంది. లాగితే తన మాట నెగ్గుతాది, వదిలితే పొద మాట నెగ్గుతాది. ఇంతలో గాలి ఇంకా రేగి పొద వేళ్ళతో సహా లేచిపోయేలా ఊగింది. అప్పుడు మన ఎల్లాజీ ఏం చేశాడంటే, గుడ్డ వదిలేసి పొదని రెండు చేతులా వాటేసుకున్నాడు. ముళ్ళు రొమ్ములో దిగుతుంటే కళ్ళు మూసుకుని అలాగే ఉన్నాడంట. సరిగ్గా అప్పుడే కాసులమ్మ చోడంబలి, అదే రాగంబలి, ముంత పట్టుకుని కొండెక్కింది. తలపాగా లేని తలతో పొదని పట్టుకున్న అల్లుణ్ణి చూసింది, ఊగుతున్న గుడ్డని చూసింది, దక్షిణపు పిట్టల్ని చూసింది. సంగతంతా అర్థమైపోయింది ఆవిడకి. "ఏటల్లుడా, మా పిల్లతో తగువైనాదా?" అని మాత్రం అడిగి, ముంత కింద పెట్టి, పొదకి రెండో వైపు తనూ పట్టుకుందంట.

ఆ రోజు వల లాగడానికి రేవులో ఉన్న మనుషులు చాల్లేదు. ఇసక మీద చేప గుట్ట పడింది. దానయ్య వచ్చి ఎల్లాజీ భుజం తట్టి, తాత చూపంతా నీకే వచ్చిందిరా అన్నాడు. అందరూ ఔనన్నారు. కాసులమ్మ కూర్చుని అల్లుడి చేతిలో ముళ్ళు తీస్తా ఉంది. ఒక్కో ముల్లూ తీసి వాడి మొహం కేసి చూడ్డం, మళ్ళీ ముల్లు తియ్యడం. ఆ చూపుకన్నా ముళ్ళే నయం అనిపించిందంట వాడికి. చివరికి లేచి, "ఊపింది నేను కాదు పెద్దా, మొగలిపొద. ఆ పొద ఎగిరిపోకుండా పట్టుకున్నది మాత్రం నేనే" అన్నాడు, రొమ్ము విరుచుకునే. పక్కనించి కాసులమ్మ, సగం పొద నాది, అది కూడా సెప్పు అంది.

రేవంతా ఒకటే నవ్వు. దానయ్య నవ్వి నవ్వి, చోటు నీదేరా, కానీ ఇకనుంచి బండ మీద కాదు, పొద పక్కన, అంబలి తెచ్చినప్పుడల్లా మీ అత్త కూడా కాసేపు కూర్చుంటాది అని తీర్పు చెప్పాడు. ఆ చలికాలమంతా వల ఖాళీగా రాలేదంట. ఎల్లాజీ ముసలోడయ్యాక అడిగితే, ఆ గాలిని కూడా నేనే రమ్మన్నానని చెప్పేవాడు. అననియ్యండి, పోయిందేముంది. పొదకి నోరు లేదు కాబట్టి వాడి కథ ఇలా చెప్పాను. దానికీ నోరుంటే, మీరు నన్నడగరు, నేరుగా పొద దగ్గరికే పోదురు.