అటు మారిన పాపిడి

టీకొట్టు బల్ల మీద పెయింటరు తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరో అప్పగించి వెళ్లిన పసిపిల్లను పెట్టుకున్నట్టు. ఎదురుగా మేస్త్రి. రేపు పెద్ద హాలు సీలింగుకి ఎవరిని ఎక్కించాలో ఆయన ఇంకా తేల్చలేదు. ఇది కూడా చేజారితే ఇక పెయింటర్ని పనికి పిలిచేవాళ్లుండరు. అందుకే ఓపిక లేకపోయినా నోరు విప్పాడు.

“నా భుజం సంగతి మీ చెవిన వేశారట, మేస్త్రీ. నిజమే, డాక్టరు స్కానింగు తీయించాడు. కీలులో సందు పుట్టుకతోనే ఇరుకట. చెయ్యెత్తినప్పుడల్లా లోపలి కండ ఎముకకి రాసుకుని పీలికలైందట. ‘ఈ భుజంతో చెంచా ఎత్తడమే గొప్ప, ఇన్నేళ్లు సీలింగులెలా వేశావయ్యా’ అని కుర్చీలోంచి లేచి నించున్నాడు.”

“దండం పెట్టలేదా?” అంది టీ కాచే ఆవిడ.

“పెట్టబోతే నేనే వద్దన్నాను. ఒకసారి సినిమాహాలు సీలింగు వేస్తూ పొద్దున ఎత్తిన చెయ్యి రాత్రిదాకా దించలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దించడమే మరిచిపోయాను. అలాగే ఇంటికి నడుస్తుంటే దారిలో ప్రతి బస్సూ నాకోసం ఆగింది. అలాగే పడుకుంటే తెల్లారేసరికి మా ఆవిడ దానిమీద తడిబట్టలు ఆరేసింది.”

మేస్త్రి నవ్వలేదు. పెయింటరు ఇంకో మెట్టెక్కాడు. ఈమధ్య ఎక్కడం మాటల్లోనే.

“అదెంత. సగం శ్లాబు పోసిన మేడ ఒకటి. వేస్తూ వేస్తూ పోతే శ్లాబు అయిపోయింది, చెయ్యి ఆగలేదు. కుంచెకి నల్లమబ్బు తగిలింది. తెల్లగా రెండు కోటింగులు కొట్టేశాను. పాపం అది తనెవరో మరిచిపోయి ఉత్త తెల్లమబ్బులతో కలిసి వెళ్లిపోయింది. ఆ ఏడు వానల్లేవన్నారు కదా, ఎవరివల్ల అనుకున్నారు?”

“ప్రైమరు కొట్టావా?” అన్నాడు మేస్త్రి.

“ప్రైమరు లేకుండా నేనెప్పుడైనా కొట్టానా?”

బల్ల చివర కూర్చున్న సెలూనతను పేపరు మడిచాడు. “అన్నా, నీ తల ఇన్నేళ్లుగా నా చేతిలోదే. పాపిడి ఎప్పుడూ ఎడమవైపే కదా, ఇవాళ కుడికి మారిందేం?”

పెయింటరు చెయ్యి తలవైపు బయల్దేరి, ఛాతీ దగ్గరే ఆగిపోయింది.

“వదిన ఎదురుగా నిలబడి దువ్విందా?”

పెయింటరు ఎడమచేత్తో కుడిచేతిని మళ్లీ ఒళ్లోకి దించుకున్నాడు.

“వెనకనించి దువ్వమని రోజూ చెబుతాను,” అన్నాడు. “మొహం చూడకుండా దువ్వడం రాదంటుంది.”

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. “కింది కిటికీలకి రంగెయ్యాలి. కూర్చుని వెయ్యొచ్చు. రేపు రా.”

“మరి సీలింగు?”

“మబ్బు అందినవాడివి. మా హాలు నీకు మరీ పొట్టి.”