ఊడని మెట్టెలు

ప్రవీణకు రేపే బరువు తగ్గే ఆపరేషన్. ఇవాళే దవాఖానలో చేరాలి. సిద్దిపేటలోని ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చుంటే, అత్త కొండవ్వ కింద కూర్చుని కోడలి కాలి మెట్టెలకు సబ్బు రాస్తోంది.

"మెల్లగ అత్తమ్మా, నొస్తుంది!"

"ఇంక గుంజనే లేదు పిల్లా. సబ్బు పెడుతున్న, గంతే."

"ఊడయి గవి. పెండ్లినాడు పెట్టినయి. వేళ్లల్ల కూరుకపోయినయి."

"నేనైతే ముందుగాల్నే చెప్తున్న, నాకిది మంచిగనిపిస్తలేదు. మొగడు బతికుండంగ మెట్టెలు తీసుడేంది? పుస్తెలు గూడ తియ్యాల్నట! నా కొడుకు రోడ్ల మీద లారీ నడిపేటోడు."

"నన్నేం జెయ్యమంటవ్? నర్సమ్మ చెప్పింది. వంటి మీద వెండి, బంగారం ఏదుండొద్దట. కరెంటు మిషన్‌తోని కోస్తరట, ఉంటె కాలుతదట."

"కాలుతదా?"

"కాలుతదట."

"ఓ ఎల్లమ్మ తల్లీ! మెడల పసుపుకొమ్మన్న కట్టుకోనిస్తరా?"

"కట్టుకోమన్నది."

"గదన్న నయం. ఆగు, ఇంకింత సబ్బు పెడ్త."

"ఊడయంటున్న గద!"

"ఊడకుంటె ఎట్ల? ఆపరేషన్ కోసమని ఇన్ని దినాల సంది మజ్జిగ, పప్పుకట్టు తాగి ఉన్నవ్. బువ్వ మొకం చూడకపోతివి. నగలు చేసే ఔసల దుబ్బయ్య కాడికి పోదాం పా, కత్తిరిస్తడు."

"కత్తిరిస్తె అపశకునం గాదా? నువ్వే అంటివి."

"నేనన్ననా?"

"ఇప్పుడే అంటివి. మొగడు బతికుండంగ అని."

"అన్న. అన్న గని..."

"అయినా నువ్వు ముట్టొద్దు అత్తమ్మా. ముత్తైదువలు తియ్యాలె గవి."

"అవ్. మీ మామ పోయినంక నా చెయ్యి గిసొంటియాటికి పనికిరాదు. నాకు తెల్వదా? పక్కింటి సుచిత్రను పిలుస్త."

"ఎవ్వల్ని పిలవకు! నీ కొడుకుకు ఫోన్ చెయ్యి. మెట్టెలు ఊడుతలేవని చెప్పు. ఇంకో దినం పోదామని చెప్పు."

"ప్రవీణా."

"ఏంది?"

"వేలెందుకు ముడుస్తున్నవ్?"

"ముడుస్తలేను."

"గుంజినప్పుడల్లా ముడుస్తున్నవ్. ఇటు చూడు. నా మొకం చూసి చెప్పు."

"నువ్వు ఊకో అత్తమ్మా."

"అయ్యో, ఏడుస్తున్నవా? ఏమైంది బిడ్డా?"

"భయమైతుంది. బాగ భయమైతుంది. మత్తుసూది ఇచ్చినంక మల్ల లేవకపోతే? నా బిడ్డ కృతిక ఇంక చిన్నపిల్ల. దానికి జడ ఎవ్వలేస్తరు?"

"ఇంట్ల పండుకుంటె లేస్తవని నమ్మకముందా? ఈ బరువుకు నిద్రల నీ ఊపిరి ఆగుతది పిల్లా. గురక బంద్ గాంగనే నేను దిగ్గున లేస్త. నిన్ను కుదిపి కుదిపి, నువ్వు ఊపిరి తీసుకున్నంకనే పండుకుంట. నీకెప్పుడు చెప్పలే."

"రోజూనా?"

"రోజూ."

"నీకు భయం గాదా?"

"ఎందుకు గాదు? ఇప్పుడు గూడ గట్టిగ గుంజబుద్ధైతలేదు. అందుకే సబ్బు మీద సబ్బు రాస్తున్న."

"వద్దు అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత. పోవొద్దు మనం."

"మీ మామ పోయిన్నాడు నా కాళ్లకెల్లి తీసిన మెట్టెలు మల్ల నాకు రాలే. నీయి నేనే తీస్త. నువ్వు లేసినంక తొడిగేది గూడ నేనే, ఏ ముత్తైదువా కాదు. ఊరంత ఏమన్నా అనుకోనీ. కాలు చాపు."