కూర్మయ్య బిగించిన తుపాకీ

గజపతినగరం సంతలో జగ్గమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాక కమ్మరి కూర్మయ్యకి నోరు ఊరుకోదు. ఆ వేళ మరీ ఊరుకోలేదు. ఎదురు బల్ల మీద ఎవడో కొత్త మనిషి తలగుడ్డ కళ్ల దాకా దించుకుని కూర్చున్నాడు. పక్కన గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి మూట. అది తుపాకీ అని కూర్మయ్య చూడగానే పట్టేశాడు. ఏళ్ల తరబడి నాగటి కర్రులూ కొడవళ్లూ తప్ప దర్జా అయిన పని చేతికి రాలేదాయె. ఆ మూట తన కొలిమికి రావాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఎడంచేతివాటం మనిషి కాబట్టి ఎడం చేత్తోనే గ్లాసు అందుకుని మొదలెట్టాడు.

"తుపాకీ గొట్టం ఎవుడైనా సేస్తాడప్పా. దానికి మర బిగించడంలోనే ఉన్నాది ఇద్దె. మీట నొక్కితే సెకుముకి రవ్వ గొట్టం పక్కనున్న సిన్న గిన్నెలో మందుకి అంటుకోవాల, ఆ మంట బెజ్జంలోంచి గొట్టంలోకి ఎల్లాల. ఎంట్రుకవాసి తప్పినా తుస్సే! బొండపల్లి నరసింగరావు బాబుకి నాను బిగించినాను. కొలత లేదు, గుర్తు లేదు, కంటితో సూసి ఒక్క దెబ్బకి!"

"ఒక్క దెబ్బకే?" అంది జగ్గమ్మ, పొంగుతున్న పాలు ఊదుతూ.

"మరేటనుకున్నావు! బాబు మీట నొక్కినారు, సెరుకు తోటలో పంది పడింది. ఆ తరవాత ఏటైనాదో తెలుసా? గుండు ఆగితేనా! పందిలోంచి ఎల్లిపోయి ఎనక కొండ మీద పులికి తగిలింది."

"పులి ఊరుకున్నాదా?" అన్నాడు బండి తోలే అప్పలస్వామి.

"ఊరుకోక ఏటి సేస్తాదిరా, సచ్చిపోనాది కదా! గుండు మాత్రం సావలేదు. రాయికి తగిలి ఆకాశానికి లెగిసింది. అప్పుడు జపానోడు ఇశాపట్నం మీద బాంబులేసే రోజులు..."

"ఒద్దు మావా, ఒద్దు!" అప్పలస్వామి చేతులు నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇమానం తోకకి తగిలింది! ఆడు దడుసుకుని సముద్రం మీదకి మళ్లిపోనాడు. పట్నం మిగిలిందంటే ఎవుడి పుణ్యం?"

చెప్తూ చెప్తూ కూర్మయ్య తనే నమ్మేశాడు. విమానం తోక ఊగడం కళ్లకి కనిపించింది కూడా. కడుపు నిండినట్టు హాయిగా ఉంది. ఓరకంట మూట వైపు చూశాడు.

కొత్త మనిషి అప్పుడు నోరు విప్పాడు. "మర ఏ పక్క బిగించినావు మావా?"

"అదీ అడగాల్సిన మాట! లోకమంతా కుడిపక్క బిగిస్తాది. నాను ఎడంపక్క బిగించినాను. నా సేతికి అదే వాటం."

ఆ మనిషి తలగుడ్డ తీశాడు. కుడి కంటి మీద కనుబొమ్మ లేదు. ఆ చోట చర్మం కమిలి నున్నగా ఉంది.

"నరసింగరావు గారి అల్లుణ్ణి, చినబాబుని. మా మావ నువ్వు బిగించిన ఈ తుపాకీ గోడకి తగిలించీసి ఏనాడూ పేల్సలేదు. మొన్న పందులు సెరుకులో పడితే నానే దింపినాను. అందరిలాగే కుడి బుజానికి ఆనించి మీట నొక్కినాను. మర ఎడంపక్కుంటే గిన్నె నా మొకం కాడే ఉంటాది కదా, మంట మొకం మీదకే వచ్చినాది. పందులు ఇంకా మేస్తన్నాయి."

నవ్వి నవ్వి జగ్గమ్మ పాలు పొంగబెట్టేసింది. కూర్మయ్య గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. పని పోయినట్టే అనుకున్నాడు.

కానీ చినబాబు మూట ఇటు జరిపాడు. "తుపాకీ మాత్రం మొదటి దెబ్బకే పేలింది. ఆ మాట నిజం. మర కుడిపక్కకి మార్సు."

కూర్మయ్యకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. "సూసినావా అప్పా! కన్ను పోకుండా కనుబొమ్మ ఒక్కటే పోయేటట్టు బిగించడం ఎవుడి తరం?"

"మార్సినాక మొదటి గుండు నువ్వే పేల్సాల," అన్నాడు చినబాబు తలగుడ్డ చుట్టుకుంటూ. "నీ వాటం పెకారం, ఎడం బుజానికి ఆనించి."

కూర్మయ్య ఎడం చెయ్యి దానంతట అదే లేచి ఎడం కనుబొమ్మని తడుముకుంది.