తొందర్లేదు గారు పొద్దున్నే వచ్చేవారు

ఎవరూ, తొందర్లేదు గారా? ఆయన సంగతి నీకెవరు చెప్పార్రా, మీ అత్తయ్యా? కూర్చో అల్లుడూ. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా మంచం మీద కూర్చో. ఆయన అసలు పేరు డిపోలో సగం మందికి తెలీదు. ఎనిమిదేళ్ళు ఒకే బండి మీద పనిచేశాం, నేను స్టీరింగు, ఆయన టికెట్లు. ఫుట్‌బోర్డు మీద పదిమంది వేలాడుతున్నా సరే, "ఎక్కండమ్మా, తొందర్లేదు" అనేవాడు. బస్సు కండక్టరుకి తొందర్లేకపోవడమేమిటి? వెనక బండి వాడు హారను కొట్టి కొట్టి చచ్చేవాడు. మనిషి సన్నం, మాట తక్కువ, నవ్వగా నేను చూసింది రెండుసార్లు. ఒకటి ఆయన కూతురి పెళ్ళిలో, రెండోది ఎందుకో గుర్తులేదు.

ఆ సైకిలు సంగతి మీ ఇంట్లో చెప్పుండరు. ఎలా చెప్తారు, అందులో మీ నాన్న కూడా ఉన్నాడు. మరేం లేదు, మార్కెట్ మలుపు దగ్గర మా బావమరిది, అదే మీ నాన్న, రోడ్డు పక్కన నిలబడి చెయ్యూపాడు. నేనూ ఊపాను. బావమరిది కదా, ఊపకపోతే మీ అత్తయ్య ఊరుకుంటుందా? ఇటు తిరిగేసరికి ముందు చక్రం కింద సైకిలు. స్టవ్వులు బాగుచేసేవాడు పాపం, సామాన్ల పెట్టెతో సహా పడ్డాడు. ప్రాణం పోలేదు గానీ కాలు పోయింది, మోకాలి కింద నుంచీ.

డిపోలో అందరూ ఒకటే మాట. "సైకిలే అడ్డం వచ్చిందని చెప్పు గురూ, కండక్టరు సాక్ష్యం నీ వైపుంటే చాలు, ఎవడేం పీకలేడు." ఎనిమిదేళ్ళు ఒకే డబ్బాలో తిన్నాం, నాకు సందేహమే లేదు. విచారణలో ఆఫీసరు అడిగాడు. ఈయన లేచి నిలబడి, చొక్కా సర్దుకుని, "డ్రైవరు గారు పక్కకి చూశారండీ" అన్నాడు. ఎంతసేపయ్యా అంటే, "ఒక టికెట్టు చింపి ఇచ్చేంతసేపండీ" అన్నాడు. అంత లెక్కగా చెప్పాలా? నన్ను సస్పెండ్ చేశారు. ఏడు నెలలు.

ఏడు నెలలంటే ఏమిటో నీకు తెలీదు. మొదటి నెల మనిషి కోపంతో బతుకుతాడు. తర్వాత అదీ ఉండదు. గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. స్నానం లేదు, గడ్డం లేదు, మీ అత్తయ్య అన్నం పెడితే తినేవాణ్ణి, పెట్టకపోతే అడిగేవాణ్ణి కాదు. ఆ సైకిలు చప్పుడు మాత్రం చెవిలో ఉండేది. ఎందుకు బతకడం అనిపించేది, దాచడమెందుకు, ఉత్తినే అనిపించడం కాదు, గట్టిగానే అనిపించేది.

అప్పుడొచ్చాడు. పొద్దున్న పావు తక్కువ ఆరుకి. మీ అత్తయ్య గుమ్మంలోనే పట్టుకుంది. "మా ఆయన నోటి దగ్గర కూడు తీసి, మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వచ్చారండీ?" ఆయన, "ఈ మొహమేనమ్మా, వేరేది లేదు" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే చెప్పాడు. ఆవిడ తలుపేసింది. ఆయన మెట్టు మీద అరగంట కూర్చుని, డ్యూటీకి వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. నాలుగో రోజు వాన. మీ అత్తయ్య నోరే పెద్దది గానీ మనసు వెన్న, తలుపు తీసింది. లోపలికొచ్చి నా మంచం పక్కన నిలబడి, "డ్రైవరు గారూ, డ్యూటీ టైమైంది" అన్నాడు. ఏం డ్యూటీ నా తలకాయ అన్నాను. "గడ్డం" అన్నాడు. గిన్నెలో నీళ్ళు, సబ్బు, బ్లేడు పట్టుకుని నిలబడ్డాడు. వద్దంటే వెళ్ళడు, తిడితే వింటాడు. తిట్టి తిట్టి నాకే నీరసమొచ్చి గీసుకున్నాను. అయిపోగానే, "రేపు ఇదే టైము" అని వెళ్ళిపోయాడు. అంతే, ఒక్క మంచిమాట లేదు, ధైర్యం చెప్పడం లేదు.

వారం రోజులు గడ్డం గీసుకోవడమే. తర్వాత వీధి చివరిదాకా నడక. తర్వాత డిపో గేటు దాకా. గేటు దగ్గర ఆగిపోయాను. అక్కడే పట్టుకున్నాను ఆయన్ని. "నువ్వొక్క అబద్ధం చెప్పుంటే నేనిలా అయ్యేవాణ్ణా?" అని. ఆయన నిజంగానే వేళ్ళ మీద లెక్కేశాడు. "అయ్యేవారు కాదు. బండి మీదే ఉండేవారు. ఆ మలుపు రోజుకి ఆరుసార్లు తిరగాలి కదా, ఆరుసార్లూ ఆ అబద్ధం మోసుకుంటూ. అది మీవల్ల కాదు" అన్నాడు. కొట్టాలనిపించింది. కొట్టలేదు.

ఓ గురువారం నడక ఆస్పత్రి వైపు మళ్ళించాడు, చెప్పకుండా. ఆ స్టవ్వులతను మంచం మీద కూర్చుని ఆస్పత్రి వాళ్ళ స్టవ్వే బాగుచేస్తున్నాడు! నన్ను చూసి, "పక్కకి చూశావటగా?" అన్నాడు. చూశానన్నాను. "క్షమించు గిమించు అనకు, నాకు చిరాకు" అని ఒక మసిపట్టిన బర్నరు, బ్రష్షు చేతిలో పెట్టాడు. "ఊరికే నిలబడకు, రుద్దు." రుద్దాను. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం అడిగి తిన్నాను. మీ అత్తయ్య వంటింట్లోకెళ్ళి ఏడ్చింది, నాకు వినపడదనుకుంది. ఆ తర్వాత రోజూ వెళ్ళేవాణ్ణి. డ్రైవరుగా నేనెలా ఉన్నానో గానీ, బర్నర్లు మాత్రం నాలా రుద్దేవాడు లేడు.

ఉద్యోగం తిరిగొచ్చాక మొదటి రోజు స్టీరింగు పట్టుకుంటే చేతులు కదలవే! బండినిండా జనం. "ఏమైందయ్యా, కదలదేం?" అని అరుపులు. తొందర్లేదు గారు వాళ్ళవైపు తిరిగి, "ఇంజను బానే ఉందండీ. మనిషి వేడెక్కాలి, ఆగండి" అన్నాడు. ఆగారు. ఎవడో ముసలాయన దిగిపోయాడనుకో, మిగతావాళ్ళు ఆగారు. మలుపు దగ్గరికొచ్చాక రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. ఈ రోజుకీ తిప్పను, నడుస్తున్నా సరే. మీ నాన్న అక్కడ చెయ్యి ఊపితే ఇప్పటికీ పలకను, ఆయనకి కోపం.

ఆయన రిటైరయ్యాక గొంతులో ఏదో పుట్టింది. మాట గుసగుసయ్యింది. అసలే తక్కువ మాటల మనిషి, ఊళ్ళో వాళ్ళకి తేడా తెలీలేదు. నేను పొద్దున్నే వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకరోజు అడిగాను, ఇన్నేళ్ళకి. "ఆ రోజుల్లో మా ఇంటికి ఎందుకొచ్చేవారండీ? నా మీద జాలా?" అని. కాదన్నట్టు తలూపాడు. దగ్గరికి రమ్మని చెవిలో అన్నాడు. "భయం డ్రైవరు గారూ. నిజం చెప్పొచ్చాక నాకు నిద్రలేదు. మీరేదైనా చేసుకుంటే ఆ నిజాన్ని నేనెక్కడ పెట్టుకోను? పొద్దున్నే మీరు లేచారని చూసుకుంటే గానీ టికెట్లు చింపలేకపోయేవాణ్ణి." అంటే అన్నాళ్ళూ నన్ను లేపుతున్నాడనుకున్నాను గానీ... ఆయన కూడా...

ఆఁ. వాన పడేలా ఉంది. దండెం మీద బట్టలున్నాయేమో చూడు.