మా మరిది చేతులు చెప్పిన మాట

నా పేరు, చిరునామా సోమవారం ఇదే స్టేషన్‌లో రాసుకున్న కాగితంలో ఉన్నాయి. ఆ కాగితంలో నేను చెప్పిన నిజం ఆ రెండే. వయసు ముప్పై ఎనిమిది. వృత్తి కుట్టుపని. ఎవరి బలవంతమూ లేకుండా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. రెండు రోజులుగా ముద్ద దిగక ఇస్తున్నానని కూడా రాయమన్నాను, ఆఫీసరుగారు రాశారు.

మా మరిదికి పుట్టుకతో చెవులు వినపడవు, మాట రాదు. బడికి పంపలేదు. వాడి సైగలు ఎవరో నేర్పినవి కావు, మా ఇంట్లో పుట్టినవి. నేను కోడలిగా వచ్చేసరికి వాడికి పదకొండేళ్లు. అత్తగారు పోయాక ఆ సైగలన్నీ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. మా ఆయనకు సగం తెలుసు, ఆ సగానికీ ఓపిక లేదు. మీసం మెలేస్తే మా ఆయన. గాల్లో సూది లాగితే నేను. నోటి ముందు వేళ్లు టపటపలాడించినా నేనే, అది నేను మరీ వాగుతున్నప్పుడు. వాడికి రావలసిన నోరు కూడా నాకే వచ్చిందని అత్తగారు అనేవారు.

అన్నదమ్ములిద్దరూ ఒకే ఫర్నిచర్ గోడౌన్‌లో పనిచేస్తారు. మా ఆయన వ్యాను నడుపుతాడు, మరిది సామాను ఎక్కించి దింపుతాడు. వ్యాను వెనక్కి వచ్చేటప్పుడు వెనక నిలబడి దారి చూపించేది కూడా వాడే. అరిచేవాళ్ల కన్నా వీడి చెయ్యే నయమని ఓనరుగారే పెట్టారు. సోమవారం ఉదయం పదిన్నర ప్రాంతంలో వ్యాను వెనక్కి వచ్చి వాచ్‌మన్‌ను గోడకు నొక్కేసింది. ఆయన తుంటి విరిగింది, తలకు దెబ్బ తగిలింది. ఇంకా ఎవరినీ గుర్తుపట్టడం లేదు. చూసినవాళ్లు వేరే ఎవరూ లేరు. నేనూ అక్కడ లేను. నాకు తెలిసిందల్లా మధ్యాహ్నం ఈ బల్ల ముందు మా మరిది చేతులు చెప్పింది.

ఏం జరిగిందో వాణ్ని అడగమని ఆఫీసరుగారు నాకు చెప్పారు. అడిగాను. వాడు లేచి నిలబడి చెప్పాడు. వాచ్‌మన్ ఊడిన చెప్పు తొడుక్కోవడానికి వంగాడు. వీడు రెండు చేతులూ ఎత్తి ఆపమన్నాడు. ఆ తర్వాత మీసం మెలేసి, చెవి దగ్గర ఫోను పెట్టుకున్నట్టు చూపించి, తల పక్కకు తిప్పాడు. అన్న ఫోనులో ఉన్నాడు, అద్దం చూడలేదు అని. చివరికి వ్యానును రెండు చేతులతో తోస్తున్నట్టు చూపించి, అరచేతులు నా ముందు పెట్టాడు. చర్మం లేచిపోయి ఉంది.

మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. బల్ల కింద నా కాలి మీద కాలు వేసి నొక్కాడు. పదిహేడేళ్ల కాపురం. ఆ నొక్కుడు నాకు అర్థం కాలేదని అనను.

“ఏమంటున్నాడమ్మా?” అన్నారు ఆఫీసరుగారు.

“రా, రా అని తనే చెయ్యి ఊపాడట సార్. వాచ్‌మన్‌ను చూసుకోలేదట.”

“మరి ఫోనంటున్నాడేంటి?”

“ఆస్పత్రికి ఫోను చెయ్యమని అన్నకు చెప్పాడట.”

అంత చక్కగా ఎలా అల్లానో నాకే తెలియదు. మాట రానివాడు కదా, జాలిపడి వదిలేస్తారులే అనుకున్నాను. అదీ నా తెలివి. కంచే చేను మేయడమంటే ఇదే.

కాగితం ముందు పెట్టి వేలిముద్ర వెయ్యమంటే వాడు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. వేశాడు. వేసి, ఆ సిరా వేలితోనే మీసం మెలేసి, చేతులు జోడించాడు. అన్నను ఏమీ చెయ్యొద్దని అడగమన్నాడు. అది కూడా నేను చెప్పలేదు. కానిస్టేబుల్ తన చెయ్యి పట్టుకునేసరికి వాడికి ఏమీ అర్థం కాలేదు. వెనక్కి తిరిగి గాల్లో సూది లాగాడు. నేను గోడ వైపు చూశాను. చూస్తే పలకాలి. వాడు పిలుస్తూనే ఉన్నాడని నాకు తెలుసు. నేను గోడ వైపే చూశాను.

ఈ రోజు పొద్దున మా ఆయనకు చెప్పే బయల్దేరాను.

“నన్ను జైల్లో పెట్టిస్తావా?” అన్నాడు.

“తమ్ముణ్ని పెట్టించాం కదా,” అన్నాను.

ఈ వాంగ్మూలానికి ముందు, ఆఫీసరుగారి అనుమతితో, ఊచల దగ్గర నిలబడి మా మరిదికి నేను చేసిందంతా చేతులతో చెప్పాను. మొదటిసారి వాడు నవ్వాడు, ఆటపట్టిస్తున్నానని. మళ్లీ చెప్పాను. ఈసారి అర్థమైంది. కోప్పడలేదు. కళ్లు మూసుకున్నాడు. గాల్లో సూది లాగాను. ఊచల్లోంచి చెయ్యి పట్టుకుని కదిపాను. తెరవలేదు. కళ్లు మూసుకున్నవాడితో నేను ఇంకేం మాట్లాడను? నాకు సిగ్గుగా ఉంది.

వాడు చెప్పేది ఇకమీదట చెవిటి పిల్లల బడి టీచరు ఎవరితోనైనా చెప్పించమని కోరుతున్నాను. మా ఇంటి సైగలు పట్టుబడడానికి కొంత సమయం పడుతుంది, ఓపిక పట్టాలి. ఏ సైగకు ఏ అర్థమో ఆ టీచరుకు నేర్పుతాను. మధ్యలో మాత్రం నన్ను కూర్చోబెట్టవద్దు.

పైదంతా నాకు చదివి వినిపించారు. ఇందులో నేను చెప్పని మాట లేదు, మా మరిది చెప్పని మాటా లేదు.

(సంతకం)